మింగిన మాత్రలు లెక్కపెట్టండి: ఐరన్ మాత్రల పథకం చూసే అధికారులకు ఒక టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రజారోగ్యం, బడులు, అంగన్‌వాడీల బాధ్యత చూస్తున్న మీ అందరికీ నమస్కారం.

నేను ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. పద్దెనిమిదేళ్ల సర్వీసు. అందులో తొమ్మిదేళ్లుగా మా బడి పిల్లలకు వారానికొక ఐరన్ మాత్ర వేయించే పని నేనే చూస్తున్నాను. ఊరి పేరు, మండలం పేరు రాయడం లేదు. రాస్తే విచారణ అంటూ ముందు మా ఊరి నర్సు (ఏఎన్ఎం) మీద, తర్వాత మా హెడ్మాస్టర్ గారి మీద పడతారు. వాళ్లు చేయగలిగింది వాళ్లు చేస్తూనే ఉన్నారు. పైగా పక్క మండలాల టీచర్లతో మాట్లాడితే వాళ్లదీ ఇదే కథ.

మాత్రలు సమయానికి రావడం లేదని, వచ్చినవీ పిల్లల కడుపులోకి వెళ్లడం లేదని రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టాను. ఒకటి ఆసుపత్రిలో, ఒకటి మండల ఆఫీసులో, మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో లైన్లో నిలబడి ఇచ్చాను. పదకొండో రోజున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఆ రోజు మా స్టాఫ్ రూమ్ బీరువాలో ఒక్క మాత్ర కూడా లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ మాత్ర మంచిది. ఇందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నెలసరి మొదలైన ఆడపిల్లల్లో నూటికి 20 మందికి, అంతకు మించి రక్తహీనత ఉన్న చోట వారానికోసారి ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. రోజూ ఇస్తే పిల్లలకు వికారం పుడుతుంది, మధ్యలో మానేస్తారు. వారానికోసారైతే బడిలో మన కళ్ల ముందే వేయించవచ్చు. ఇది శాస్త్రం తేల్చిన విషయం, దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. మన దేశంలో రక్తహీనత నివారణ పథకం 1970లోనే మొదలైంది. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు వారం వారం మాత్ర 2013లో వచ్చింది. 2018లో అన్ని వయసుల వారినీ కలిపి ‘అనీమియా ముక్త్ భారత్’ అన్నారు. ఆ మార్గదర్శకాలు నేను మొత్తం చదివాను. చాలా బాగా రాశారు. భోజనం తర్వాతే వేయాలని, పిల్లల భయం పోవడానికి టీచర్లు కూడా వేసుకోవాలని, సెలవుల్లో ఇంటికి ఇచ్చి పంపాలని, అన్నీ ఉన్నాయి.

మరి ఫలితం ఎలా ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70. వేలి చివర నుంచి తీసిన రక్తంతో పరీక్షించడం వల్ల ఈ శాతాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. ఆ వాదనలో పస ఉంది. కానీ నరం నుంచి రక్తం తీసి చేసిన 2016-18 జాతీయ పోషణ సర్వేలో కూడా దేశంలో పదేళ్లు దాటిన ఆడపిల్లల్లో నూటికి 40 మందికి రక్తం తక్కువని తేలింది. మగపిల్లల్లో అది 18. ఏ లెక్క తీసుకున్నా మా తొమ్మిదో తరగతి అమ్మాయిల బెంచీల్లో బెంచీకి ఒకరు తక్కువ కాకుండా ఉన్నట్టే.

మందు మంచిదే, పథకం మంచిదే, రాసిన కాగితం మంచిదే అయినప్పుడు రక్తం ఎందుకు పెరగడం లేదు? నేను చూసింది చెబుతాను.

మూడేళ్ల కింద, ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు వాన తెరిపిచ్చాక, చేతులు కడుక్కునే కుళాయిల వెనక కాలువ పొంగుతోందని ఆయా చెబితే చూడ్డానికి వెళ్లాను. కాలువ గోడ పొడుగునా నీలం చారలు. సిరా ఒలికిందేమో అనుకున్నాను. కర్రతో ఆకులు తోస్తే మాత్రలు బయటపడ్డాయి. కొన్ని రంగు పోయి తుప్పు రంగులో పిండిలా అయిపోయాయి, కొన్ని ఇంకా నీలంగానే ఉన్నాయి. మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గర స్టీలు గిన్నె తీసుకుని ఏరితే గిన్నె నిండింది. ఆ నెల మా బడి రిపోర్టులో నూటికి నూరు శాతం అని ఉంది. ఆ రిపోర్టు పెట్టింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లల్ని తిట్టలేదు. ఎందుకు పారేస్తున్నారని ఒక్కొక్కరినీ అడిగాను. వాళ్లు చెప్పినవి, ఆ తర్వాత నేను గమనించినవి కింద రాస్తున్నాను.

1. ఖాళీ కడుపు. మా దగ్గర మాత్ర ప్రేయర్ టైములో ఇచ్చేవాళ్లం. ఎన్ని మాత్రలు పంచామో మధ్యాహ్నం లోపు యాప్‌లో ఎంట్రీ పడాలని టీచర్ల గ్రూపులో మెసేజ్ వస్తుంది, అందుకని. మా పిల్లల తల్లులు పత్తి తీతకో మిరప కోతకో ఆటో ఎక్కి పొద్దున్నే ఆరింటికల్లా వెళ్లిపోతారు. చాలామంది ఆడపిల్లలు ఇంట్లో పనంతా చేసి, టీ తాగి వస్తారు. ఆ కడుపులో ఐరన్ మాత్ర పడితే వికారం రాకుండా ఎలా ఉంటుంది? పైగా టీ తాగిన కడుపులో ఐరన్ సరిగా ఒంటబట్టదు. ఒక అమ్మాయి ప్రేయర్ లైన్లోనే కక్కుకుంది. అది చూసిన ముప్ఫై మంది ఆ రోజు నుంచి మాత్రను నాలుక కింద పెట్టుకుని కుళాయి దగ్గర ఉమ్మడం నేర్చుకున్నారు.

2. భయం. విరేచనం నల్లగా అవుతుందని ఎవరూ ముందుగా చెప్పలేదు. ఒక పిల్ల రెండు రోజులు ఏడ్చి మూడో రోజు నాకు చెప్పింది. ఇంకొకరి తల్లి బడికి వచ్చి, “టీచరమ్మా, ఆ నీలం మాత్ర మా పిల్లకి ఇయ్యొద్దు. పెళ్లయ్యాక పిల్లలు పుట్టరంట” అని చేతులు పట్టుకుంది. ఆమెను తప్పుపట్టలేను. ఆమెకి ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన వాళ్లందరి చేతిలో ఫోన్లు, ఎంట్రీలు ఉన్నాయి. మాట్లాడే తీరిక ఎవరికీ లేదు.

3. సప్లై. ఒక ఏడాది దసరా సెలవుల తర్వాత స్టాక్ అయిపోయింది. సంక్రాంతి దాటాక వచ్చింది. వచ్చిన పెట్టెల మీద చూస్తే ఎక్స్‌పైరీకి మరో రెండు నెలలే ఉంది, అదీ మాకు కావలసిన దానికి మూడింతలు. మధ్యలో పోయిన వారాలకు కూడా ‘ఎంట్రీ ఫిల్ చేయండి’ అని ఫోన్ వచ్చింది. నేను చేయలేదు. చేయనందుకు మా బడి పేరు ఎర్ర రంగులో చూపిస్తూ గ్రూపులో లిస్టు పెట్టారు. చేసినవాళ్లందరివీ పచ్చ రంగు.

వారం వారం వేసే మందుకు మూడు నెలలు గండి పడితే మొదటి నుంచి మొదలుపెట్టినట్టే. పిల్లల అలవాటూ పోతుంది, తల్లుల నమ్మకమూ పోతుంది.

4. పరీక్ష తర్వాత ఏమిటి? దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. బాగా చదివేది కాదు, అల్లరీ చేసేది కాదు, ఎప్పుడు చూసినా బెంచీ మీద తల వాల్చుకుని ఉండేది. బద్ధకం అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు స్కేలు కావాలని ఆమె జామెట్రీ బాక్సు తెరిస్తే లోపల బలపం ముక్కలు. తొమ్మిదో తరగతికి పలక ఎక్కడిది? “తింటావా?” అని అడిగాను. తలదించుకుంది. ఇంట్లో పచ్చి బియ్యం కూడా తింటుందట. మట్టి, బలపం, పచ్చి బియ్యం మీద మనసు పోతోందంటే ఒంట్లో ఐరన్ తగ్గిందేమో చూడాలని పదిహేనేళ్లుగా పిల్లలకు పాఠంలో చెబుతున్నాను. నా క్లాసులో, నా ఎదురుగా కూర్చున్న పిల్లలో చూడలేకపోయాను. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల కాగితంలా తెల్లగా ఉంది.

ఆ తర్వాత నెలలో బడికి క్యాంపు వచ్చింది. హిమోగ్లోబిన్ 7.4. ఎనిమిది కంటే తక్కువ అంటే తీవ్రమైన రక్తహీనత, పెద్దాసుపత్రికి పంపాలి. పంపారు, అంటే ఒక చీటీ రాసి పిల్ల చేతికిచ్చారు. ఆసుపత్రి 30 కిలోమీటర్లు. తల్లికి ఒకరోజు కూలీ పోయింది, బస్సు చార్జీలు పోయాయి. అక్కడ పది రోజుల మాత్రలిచ్చి మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లడానికి వాళ్లకు కుదరలేదు. రెండు నెలల తర్వాత నేను అడిగితే ఆ చీటీ ఎక్కడుందో కూడా తెలియదు. ఆన్‌లైన్‌లో మాత్రం ‘రిఫర్ చేయబడింది’ అని ఉంది. అంతటితో ఆ కేసు అయిపోయినట్టే లెక్క.

ఆమెకు పదహారేళ్లకే సంబంధం చూస్తుంటే నేను, అంగన్‌వాడీ టీచర్ వెళ్లి ఆపించాం. ఆపలేకపోయి ఉంటే? ఆ రక్తంతో కాన్పుకు వెళ్లి ఉంటే? కాన్పులో మామూలు ఆడమనిషి తట్టుకునే రక్తస్రావాన్ని ఆ పిల్ల తట్టుకోగలిగేదా? తక్కువ బరువుతో పుట్టే బిడ్డ, ఆ బిడ్డకు మళ్లీ రక్తం తక్కువ. ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం, 70 శాతం అని సర్వేలో చదివేటప్పుడు నాకు ఆ జామెట్రీ బాక్సే గుర్తొస్తుంది.

5. పథకం బయట మిగిలిపోయినవాళ్లు. ఇది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లోని పిల్లలకు. ప్రైవేటు బడుల్లో, హాస్టళ్లు పెట్టి నడిపే ఇంటర్ కాలేజీల్లో ఉన్న లక్షల మంది ఆడపిల్లల్ని అడిగేవాళ్లు లేరు. పది తర్వాత చదువు మానేసిన పిల్లకు అంగన్‌వాడీలో మాత్ర ఇవ్వాలి. ఆమె పొద్దున్నే కూలికి వెళ్తుంది, అంగన్‌వాడీ తెరిచి ఉన్న టైములో ఊళ్లోనే ఉండదు.

6. అన్నిటికీ మూలం. మీరు అడిగే లెక్క ఒక్కటే: ఎన్ని మాత్రలు పంచారు? ఎన్ని కడుపులోకి వెళ్లాయని ఎవరూ అడగరు. ఆరు నెలల తర్వాత ఎంతమందికి రక్తం పెరిగిందని అసలే అడగరు. పంచిన లెక్క అడిగితే కింద ఉన్నవాళ్లం పంచిన లెక్కే చూపిస్తాం. పచ్చ రంగు రాకపోతే మెమో వస్తుందన్న టెన్షన్‌లో ఏ టీచరైనా, ఏ ఏఎన్ఎం అయినా అదే చేస్తారు. పిల్లల బదులు కాలువ మింగినా లెక్క సరిపోతుంది.

చేస్తే జరుగుతుందని కూడా చూశాను కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను. ఆ కాలువ సంగతి తెలిశాక మా ఏఎన్ఎం, నేను కూర్చుని కొన్ని మార్చుకున్నాం. మాత్ర వేసే రోజు గురువారం అని పెట్టుకున్నాం, మధ్యాహ్న భోజనం అయిన అరగంటకి, క్లాసులోనే. ముందు నేను వేసుకుని చూపించేదాన్ని. లెక్కల మాస్టారు మొదట నవ్వారు కానీ రెండో వారం నుంచి ఆయనా వేసుకున్నారు. ఊళ్లో నిమ్మతోట ఉన్న ఒక పేరెంట్ సంచెడు కాయలు పంపేవారు, నిమ్మరసం నీళ్లతో వేసుకునేవాళ్లు. నిమ్మ, ఉసిరి, జామ, విటమిన్ సి ఉన్న పండు ఏదైనా తోడుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. డ్వాక్రా మీటింగులో పదిహేను నిమిషాలు అడిగి తీసుకుని నల్ల విరేచనం గురించి, పిల్లలు పుట్టరన్న పుకారు గురించి తల్లులతో మాట్లాడాం. ఒక తల్లి లేచి, “మరి నాకూ ఇయ్యండి ఆ మాత్ర, మెట్లెక్కితే ఆయాసం వస్తాంది” అంది. మాటలతో అయ్యే పని ఎంతుందో ఆ రోజు తెలిసింది.

ఒక టర్మ్ నడిచింది. రెండోసారి పరీక్ష చేసినప్పుడు తొమ్మిదో తరగతిలో ఎక్కువమందికి పెరిగింది. నాది పరిశోధన కాదు, ఒక చిన్న బడి సంగతి. కానీ ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోయే పిల్లలు తగ్గడం బడి మొత్తం చూసింది. ఆ తర్వాతే పైన చెప్పిన మూడు నెలల గండి పడింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు సగం మంది వేసుకోలేదు. అర్జీల కథ అక్కడి నుంచి మొదలైంది.

ఇప్పుడు మేం కోరేవి:

1. యాప్‌లో ‘పంచినవి’ అన్న గడి పక్కన ‘భోజనం తర్వాత, టీచర్ ఎదుట మింగినవి’ అన్న గడి పెట్టండి. మధ్యాహ్నం లోపు ఎంట్రీ అన్న షరతు తీసేసి సాయంత్రం దాకా టైమివ్వండి. తక్కువ రాసిన బడికి మెమో ఇవ్వకండి. ఎందుకు తక్కువో అడగడానికి మనిషిని పంపండి. నిజం రాసినవాళ్లకు శిక్ష పడినంత కాలం మీకు నిజం అందదు.

2. ఏడాదికి సరిపడా మాత్రలు రెండు విడతలుగా, జూన్‌లో బడి తెరిచేనాటికి ఒకటి, దసరా సెలవులకు ముందు ఒకటి, ఎక్స్‌పైరీకి కనీసం ఏడాది ఉన్నవి పంపండి. ప్రతి పీహెచ్‌సీలో ఎంత స్టాక్ ఉందో నోటీసు బోర్డు మీద రాయించండి. వేసవి సెలవుల మాత్రలు ఇంటికిచ్చి పంపే పద్ధతి కాగితంలో ఉంది, మా పిల్లల చేతికి ఎప్పుడూ రాలేదు.

3. హిమోగ్లోబిన్ ఎనిమిది కంటే తక్కువ వచ్చిన ప్రతి పిల్ల పేరూ ఒక మనిషికి అప్పజెప్పండి. ‘రిఫర్ చేయబడింది’ అనగానే కేసు మూసేయకూడదు. మళ్లీ పరీక్ష చేసి రక్తం పెరిగిందని రాశాకే మూయాలి. ఊరూరా తిరిగే 104 వైద్య బండి వచ్చే చోట, అది ఊళ్లోకి వచ్చే రోజున ఆ పిల్లలకు మళ్లీ పరీక్ష పెట్టండి. కూలీ మానుకుని 30 కిలోమీటర్లు రమ్మంటే ఏ తల్లీ రెండోసారి రాలేదు.

4. మాత్రలకు లొంగని రక్తహీనత కూడా ఉంటుంది. బి12 విటమిన్ లోపం ఉండొచ్చు, పుట్టుకతో వచ్చే తలసేమియా అనే రక్త జబ్బు ఉండొచ్చు. ఏజెన్సీ ప్రాంతాల్లో అలాంటిదే సికిల్ సెల్ అనే జబ్బు ఉంది. ఆ పిల్లలకు ఐరన్ ఇవ్వాలో వద్దో డాక్టరే చూసి చెప్పాలి. మూడు నెలలు వాడినా పెరగని పిల్లలకు తర్వాత ఏ పరీక్ష, ఎక్కడ అన్నది రాసి ఇవ్వండి.

5. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల మాత్రల రోజు మీద చూపే శ్రద్ధ మిగతా వారాల్లోనూ చూపండి. ఆ రోజు ఫొటోలు దిగడానికి అందరూ వస్తారు. నవంబరులో ఒక మామూలు గురువారం ఎవరూ రారు.

6. ప్రైవేటు బడులు, ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లకు కూడా ఇది తప్పనిసరి చేయండి.

7. ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్లకు తల్లులతో మాట్లాడటానికి నెలలో కనీసం ఒక పూట ఏ ఎంట్రీలూ లేకుండా వదలండి. ఈ పథకంలో మాత్ర తర్వాత ముఖ్యమైనది వాళ్ల నోటి మాటే.

8. జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది. ఏడాదికోసారి కొన్ని బడులు వాళ్లనే ఎంచుకోనిచ్చి, వాళ్ల చేత పిల్లల రక్తం పరీక్ష చేయించి, వచ్చిన ఫలితం ఉన్నది ఉన్నట్టు అందరికీ కనపడేలా పెట్టండి. శాఖలు తమ పనికి తామే మార్కులు వేసుకుంటే మాలాంటి వాళ్లు నమ్మలేం.

వీటిలో కొత్త మందు లేదు, కొత్త పథకం లేదు. ఎక్కువ భాగం మీ మార్గదర్శకాల్లో ఉన్నవే. చిక్కీ, కోడిగుడ్డు, రాగిజావ లాంటివి పెట్టి ప్రభుత్వాలు చేసిన మేలును నేను కాదనడం లేదు. గుడ్డు పెట్టే రోజు హాజరు ఎంతుంటుందో మాకు తెలుసు. కానీ నెలనెలా రక్తం పోతున్న పద్నాలుగేళ్ల పిల్లకు ఆ తిండితో పాటు ఈ మాత్ర కూడా కావాలి.

ఈ లేఖకు జవాబుగా నాకు మెసేజ్ వద్దు. మీలో ఎవరైనా ఒకరు, ముందుగా చెప్పకుండా, మాత్ర ఇచ్చే రోజున ఏదో ఒక హైస్కూలుకు వెళ్లండి. పిల్లల పక్కన కూర్చుని భోజనం చేయండి. వాళ్లు మాత్ర వేసుకుంటుంటే చూడండి. బయల్దేరే ముందు కుళాయిల వెనకున్న కాలువ దగ్గరికి కూడా ఒకసారి వెళ్లి రండి.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయిని